బుడంకాయ పొట్టనొప్పి, ఎలుగు పెద్దమ్మ సిగ్గు

నల్లమద్ది అడవిలో జింకలు, దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు, అడవిపందులు ఇరుగుపొరుగుగా బతికేవి. అక్కడే ఒక ఎలుగుబంటి కూడా ఉండేది. ముగ్గురు పిల్లల్ని పెంచి పెద్ద చేసింది కాబట్టి చిన్నా పెద్దా అన్నీ దాన్ని ఎలుగు పెద్దమ్మ అని పిలిచేవి. పెట్టే చెయ్యి దానిది. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని రోజుకు నాలుగుసార్లు తనే గుర్తుచేసేది కూడా.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా ఊరెళ్తూ పిల్లని పక్కింట్లో వదిలితే, తిరిగొచ్చిన రోజు చుట్టుపక్కల జంతువులన్నీ చేరి ఆ పిల్ల పొట్ట తట్టి చూస్తాయి. పొట్ట గుండ్రంగా ఉంటే ఆ ఇంటికి పేరు. లేకపోతే పైకి ఏమీ అనవు గానీ, ఒకదాని మొహం ఒకటి చూసుకుని నవ్వుకుంటాయి.

ఒకరోజు పొరుగునుండే పొట్టిజాతి కుక్క నూకాలు తన కూనని పెద్దమ్మ దగ్గరికి తెచ్చింది. కూన పేరు బుడంకాయ. ఎలుగు అరచేతిలో ఒదిగిపోయేంత ఉంటాడు.

"అక్కా, ఊళ్లో మా చెల్లికి ఒంట్లో బాగాలేదట. నాలుగు రోజుల్లో వచ్చేస్తాను, వీణ్ణి కాస్త చూసుకో. మాది చిన్న ప్రాణం. పూటకు చారెడు రాగిజావ చాలు. రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టు. ఇంకేమీ పెట్టకు" అంది నూకాలు.

"నాకు చెప్తున్నావా? ముగ్గుర్ని పెంచిన దాన్ని. నువ్వు నిశ్చింతగా వెళ్లిరా" అంది పెద్దమ్మ, మూతి ముడుచుకుని.

కుందేలు తన చేలో పండిన రాగులు విసిరి దొప్పెడు పిండి తెచ్చిచ్చింది. మొదటి రోజు పెద్దమ్మ జావే కాచింది. బుడంకాయ నాలుగుసార్లూ తాగి, తోక ఊపి, హాయిగా పడుకున్నాడు. పెద్దమ్మ మాత్రం వాడి పొట్ట తట్టి చూసి దిగులుపడింది. ఇంత చిన్న పొట్ట చూస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఎలుగు ఇంట్లో పిల్లని పస్తు పెట్టారనుకోరూ?

రెండో రోజు తెల్లారగానే తేనెపట్టు దించింది. ఇప్పపువ్వు కుప్పగా పోసింది. వాగులోంచి కొవ్వుపట్టిన చేపలు తెచ్చి తలలతో సహా వాడి ముందు పెట్టింది.

"అమ్మ జావే తాగమంది పెద్దమ్మా" అన్నాడు బుడంకాయ.

"మీ అమ్మకేం తెలుసురా, తిను! ఎవరడిగినా జావే తాగానని చెప్పు. లేకపోతే మీ అమ్మ ఊరికే కంగారుపడుతుంది."

పసివాడు, పైగా తియ్యగా ఉంది. తిన్నాడు. పెద్దమ్మ వద్దంటే ఆపేవాడే. పెద్దమ్మ వద్దనలేదు.

మూడో రోజు పొద్దున్నే వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఎవరైనా చూస్తారేమోనని పెద్దమ్మ ఎప్పటికప్పుడు ఆకులు తెచ్చి కప్పింది. కాసేపటికి ఆకులు చాలలేదు. బుడంకాయ కాళ్లు వణుకుతున్నాయి, నోరు పిడచకట్టుకుపోయింది. అప్పుడు భయపడి వైద్యుడు ముళ్లపంది తాతకు కబురుపెట్టింది. తాత వెనకే ఇరుగుపొరుగూ వచ్చాయి.

"ఏం తిన్నాడు?" అని అడిగాడు తాత.

పెద్దమ్మ చుట్టూ చూసింది. జింక ఉంది, దుప్పి ఉంది, అడవిపంది అందరికన్నా ముందుంది. నాలుక మీదికొచ్చిన నిజం వెనక్కి పోయింది.

"జావే తాతా. వాళ్లమ్మ చెప్పినట్టే."

"ఇంకేమీ పెట్టలేదా?"

"అబ్బే!"

తాత ముళ్లు సర్దుకుంటూ ఆలోచించాడు. "అయితే పిండికే బూజు పట్టి ఉంటుంది. జావ ఆపేసి బెరడు కషాయం పట్టండి. ఆ రాగులెవరివి?"

అందరూ కుందేలు వైపు తిరిగారు.

"మొన్ననే ఎండబెట్టాను తాతా. మా పిల్లలూ వాటి జావే తాగుతున్నారు" అంది కుందేలు. ఎవరూ వినిపించుకోలేదు. అడవిపంది పిండిని వాగులో పారబోసి వచ్చింది. కుందేలు దగ్గర రాగులు తీసుకున్నవాళ్లంతా వాటిని తెచ్చి దాని బొరియ ముందు కుమ్మరించారు. కుందేలు తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది.

పెద్దమ్మ ఇదంతా చూస్తూ నిలబడింది. ఆపండి అనాలనుకుంది. చిన్న తప్పు కాస్తా దాని కళ్లముందే పెద్దదైపోతోంది. ఇంత జరిగాక చెప్పడమెలా అని ఇంకా గట్టిగా నోరు మూసుకుంది.

కషాయం బుడంకాయకు పడలేదు. తాగింది తాగినట్టే బయటికొచ్చింది. పొద్దు వాలేసరికి వాడు తల కూడా ఎత్తలేకపోయాడు. తాతకు అనుమానం వచ్చింది. వాడి చెవి దగ్గరికి వంగాడు.

"నిజం చెప్పు నాన్నా. జావ కాకుండా ఇంకేమైనా తిన్నావా? చెప్తే నిన్ను బాగుచేస్తాను."

బుడంకాయ కళ్లు తెరిచి పెద్దమ్మ వైపు చూశాడు. "లేదు తాతా, జావే తాగాను" అన్నాడు. ఆ ఒక్క మాటకే వాడికి ఆయాసం వచ్చింది.

పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది. ప్రాణం మీదికొచ్చినా పసివాడు తనకిచ్చిన మాట తప్పడం లేదు. తన పరువు కోసం!

"వాడు అబద్ధం చెప్తున్నాడు తాతా. చెప్పమన్నది నేనే" అంది గట్టిగా. "తేనె పెట్టాను, ఇప్పపువ్వు పెట్టాను, కొవ్వు చేపలు పెట్టాను. పిండిలో ఏ దోషమూ లేదు. ఉన్న దోషమంతా నాది."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది దానికి.

"పొద్దున్నే చెప్పాల్సిన మాట!" అన్నాడు తాత. "పెద్ద ఒళ్లయితే పొట్ట కుదుటపడేదాకా ఒక పూట పస్తు ఉంచొచ్చు. ఇంత చిన్న ప్రాణం పస్తుకు ఆగదు. పల్చటి రాగిజావ చల్లార్చి, చుక్క చుక్కగా నాలుక మీద వెయ్యాలి. త్వరగా తీసుకురా."

పిండి వాగులో కొట్టుకుపోయింది. రాగులేమో కుందేలు గుమ్మం ముందున్నాయి. పెద్దమ్మ పరుగున వెళ్లింది. అడగకుండా రెండు గుప్పిళ్లు తీసుకున్నా ఎవరూ అడ్డుపడరు. కానీ అది గుమ్మం ముందు కూలబడి పిలిచింది.

"చెల్లీ, తప్పు నాది. నీ మీదికి నెట్టి, చూస్తూ నిలబడ్డాను. వాడికి జావ కావాలి."

కుందేలు బయటికొచ్చింది. దాని కళ్లు ఉబ్బి ఉన్నాయి. "బూజు రాగుల పిల్లలని వెక్కిరిస్తున్నారని మా పిల్లలు బయటికి రావడం లేదు పెద్దమ్మా" అంది. ఫరవాలేదులే అని మాత్రం అనలేదు. తిరగలి ముందు కూర్చుని విసరడం మొదలుపెట్టింది.

"నేను విసురుతాను చెల్లీ."

"వద్దు. నీ మోటు చేతికి మెత్తగా రాదు."

చుక్క చుక్కగా పట్టగా పట్టగా మర్నాడు పొద్దుటికి బుడంకాయ పొట్టలో జావ నిలిచింది. మధ్యాహ్నానికి లేచి కూర్చున్నాడు. అప్పుడే నూకాలు వచ్చింది. పెద్దమ్మ ఏదీ దాచకుండా అందరి ముందూ మళ్లీ చెప్పింది. నూకాలు కూనని నోట కరుచుకుని వెళ్లిపోయింది.

నెల తర్వాత నూకాలు మళ్లీ ఊరెళ్లాల్సి వచ్చింది. ఈసారి బుడంకాయని కుందేలు దగ్గర వదిలింది. వాణ్ణి చూడాలని పెద్దమ్మ వెళ్లింది గానీ, మొహం చెల్లక గుమ్మం బయటే నిలబడింది. కుందేలు దాన్ని చూసింది. లోపలికెళ్లి జావ దొప్ప తెచ్చి దాని చేతిలో పెట్టింది.

"వేళయింది. నువ్వే పట్టు. నేను పక్కనే ఉంటాను."

ముగ్గురు పిల్లల్ని పెంచిన ఎలుగు పెద్దమ్మ కుందేలు మొహంలోకి చూసి మెల్లగా అడిగింది.

"ఎంత పట్టాలి చెల్లీ?"

నీతి: పసిప్రాణానికి తిండి పెట్టేటప్పుడు మన గొప్ప కాదు, దాని పొట్ట చూడాలి, తప్పు చేస్తే సిగ్గుపడి దాచకుండా, ఇంకొకరి మీద పడకముందే ఒప్పుకోవాలి.