రీసెట్ బటన్, రెండు చాయ్ గ్లాసులు

ఎవరైనా ప్రశ్న అడిగితే మొయినుద్దీన్ సాబ్ జవాబు చెప్పేవారు కాదు, చాయ్ పెట్టేవారు. కరెంటు సబ్‌స్టేషన్‌లో ముప్పై రెండేళ్లు ఆపరేటరుగా పనిచేసిన మనిషి ఆయన. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లం మా జిల్లాలో ఇప్పటికీ పది పన్నెండుమందిమి ఉన్నాం. అందరం ఆయన్ని ఏదో ఒకటి అడిగినవాళ్లమే, అందరం ఆయన చాయ్ తాగినవాళ్లమే. జవాబు మాత్రం కొందరికి మర్నాడు దొరికేది, కొందరికి ఏడాది పట్టేది. నాకు ఒకటి రెండు ఇంకా దొరకనేలేదు గాని, చాయ్‌లు మాత్రం ఒంటికి పట్టాయి.

ఇది సుచరిత మేడం అడిగిన ప్రశ్న సంగతి. ఆమె మా సబ్‌స్టేషన్‌కు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు. హోదాలో సాబ్‌కు పై అధికారి, వయసులో ఆయన చిన్నకూతురి ఈడు. నలుగురిలో ఉన్నప్పుడు ఆయన ఆమెను "మేడం" అనేవారు, పని నేర్పేటప్పుడు "బిడ్డా" అనేవారు. ఆ రెండో పిలుపు కోసమే ఆమె ఖాళీ దొరికితే చాలు కంట్రోల్ రూముకు వచ్చి కూర్చునేవారని నా అనుమానం.

మేడంకు డివిజన్‌లో గొప్ప పేరు. ఫీడర్ ట్రిప్ అయితే, అంటే ఊళ్లకు పోయే ఒక లైనుకు దానంతట అదే కరెంటు ఆగిపోతే, నాలాంటివాళ్లం కుర్చీలోంచి లేచేలోగా ఆమె తిరిగి కరెంటు ఇచ్చేసేవారు. ఆ వేగం మంచిదా కాదా అని చెప్పాలంటే ముందు రిలే గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. రిలే అంటే ప్యానెల్‌కు బిగించిన ఒక టిఫిన్ డబ్బా అంత పెట్టె. తీగల్లో ఎక్కడ తేడా వచ్చినా అది కనిపెట్టి కరెంటు కోసేస్తుంది. కోసి ఊరుకోదు, ఏం తేడా వచ్చిందో కూడా చెప్తుంది. దాని ముఖాన ఎర్రదీపాలు వెలుగుతాయి, చిన్న తెరమీద అంకెలు పడతాయి. పక్కనే బాణం గుర్తు బటన్ ఉంటుంది, నొక్కినకొద్దీ మిగతా అంకెలు చూపిస్తుంది. దాని కింద రీసెట్ బటన్. అది నొక్కితే దీపాలు ఆరిపోతాయి, అంకెలు పోతాయి, రిలే ఏమీ ఎరగనట్టు మొహం పెడుతుంది. ఆ అంకెలు లోపలెక్కడో భద్రంగానే ఉంటాయని తయారుచేసినవాళ్లు అంటారు. వాటిని బయటికి తీయడానికి మాత్రం జిల్లా కేంద్రం నుంచి లాప్‌టాప్ పట్టుకుని ఒకాయన రావాలి, ఆయన వచ్చేది అమావాస్యకో పున్నానికో. కాబట్టి ముందు దీపాలు చూడాలి, అంకెలు చదవాలి, రిజిస్టరులో రాయాలి. ఆ తరువాతే రీసెట్. ఆ తరువాతే పక్కనున్న హ్యాండిల్ తిప్పి లైనుకు కరెంటు ఇవ్వడం. ఈ వరస మా గోడమీద పెద్దక్షరాలతో రాసి ఉంది, మేడంకు నోటికి వచ్చు. వచ్చి ఏం లాభం, లైను పోయిందని గంట మోగితే చాలు ఆమె కుడిచేతి బొటనవేలు రీసెట్ మీద, ఎడమచెయ్యి హ్యాండిల్ మీద ఉండేవి.

ఫిబ్రవరిలో ఆ వేగం ఒక బర్రె ప్రాణం తీసింది. ఫీడర్ ట్రిప్ అయిన ఎనిమిదో సెకనులో మేడం కరెంటు ఇచ్చారు. లైను మళ్లీ ట్రిప్ అయింది. ఆ రెండింటి మధ్య, రెప్పపాటు కాలం, బాటమీద తెగిపడి ఉన్న తీగకు ప్రాణం వచ్చింది. ఇంటికి పోతున్న బర్రె దాన్ని తొక్కింది. బర్రెను తోలుకొస్తున్న రైతు పది అడుగుల వెనక ఉన్నాడు. మర్నాడు మేడం ఒంటరిగా అక్కడికి వెళ్లి, ఆ పది అడుగులూ నడిచి చూసుకుని వచ్చారు. విచారణకు వచ్చినవాళ్లు మొదటిసారి ఏ దీపం వెలిగిందని అడిగారు. ఆమె చూడలేదు. రిజిస్టరులో ఆ తేదీ ఎదురుగా ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఎవరూ ఆమెను పెద్దగా ఏమీ అనలేదు, అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. నెలరోజుల్లో మనిషి సగమయ్యారు.

మార్చి చివర ఒక మధ్యాహ్నం, మూడు గంటలప్పుడు, ఆమె ఉన్నట్టుండి అడిగారు.

"సాబ్, వరస నాకు తెలుసు. తెలియక కాదు నేను తప్పు చేసింది. గంట మోగితే నా చెయ్యి నా మాట వినదు. ఈసారి బర్రె కాకపోతే ఏంది నా గతి? చేతిని ఎట్లా ఆపాలె?"

"మంచిగ అడిగినవ్ బిడ్డా," అని సాబ్ లేచి, వరండాలో స్టవ్ ముట్టించడానికి వెళ్లారు. అది రంజాన్ నెల. ఆయన ఒక్కపొద్దు ఉన్నారు, మంచినీళ్లు కూడా ముట్టరు. అయినా ప్రశ్నకు చాయ్ పెట్టే ఆనవాయితీ మాత్రం తప్పలేదు. నేను ఏ ప్రశ్నా అడగకపోయినా, "సాబ్, నాకూ ఒకటి!" అని లోపల్నించి కేకేశాను. తరువాత జరిగినదాంట్లో నా వంతు పుణ్యం ఏమైనా ఉంటే అది ఆ కేకే.

చాయ్ మరిగేలోగా బయట గాలి లేచింది. మండుటెండ కాస్తా మసకబారింది, యార్డులో దుమ్ము సుడి తిరిగింది, కిటికీ తలుపులు టపటపా కొట్టుకున్నాయి. ఆ వెంటనే గంట మోగింది. మల్లెగూడెం ఫీడర్ ట్రిప్.

మేడం ఎప్పుడు లేచారో నేను చూడలేదు. చూసేసరికి ప్యానెల్ ముందు ఉన్నారు. ఎడమచెయ్యి హ్యాండిల్ వైపు పోతోంది, కుడిచేతి బొటనవేలికీ రీసెట్ బటన్‌కూ మధ్య రెండంగుళాల దూరం ఉంది. సరిగ్గా అప్పుడే సాబ్ రెండు చేతుల్లో రెండు గ్లాసులతో గుమ్మం దాటి, ఆ వయసులో అంత వేగంగా ఎట్లా నడిచారోగాని, ఆమె పక్కన నిలబడ్డారు.

"పట్టు బిడ్డా, పట్టు పట్టు! చేతులు కాలుతున్నయ్!"

పెద్దాయన చెయ్యి కాలుతోందంటే అందుకోకుండా ఉండే మనిషి కాదు మేడం. రెండు చేతులూ చాపి రెండు గ్లాసులూ అందుకున్నారు. అంచుల దాకా పోసిన చాయ్, పొగలు కక్కుతోంది. కింద పెడదామని టేబుల్ వైపు తిరిగితే, టేబుల్‌కు అడ్డంగా సాబ్ నిలబడి ఉన్నారు.

"సాబ్, ఫీడర్ పోయింది!"

"ఇన్న. గంట మనకోసమే కొట్టింది," అని ఆయన గంట ఆపే బటన్ నొక్కారు. గది నిశ్శబ్దమైంది. "నా అద్దాలు వరండాల మర్చిపోయిన. జర ఏం దీపం వెలిగిందో చదువు."

అద్దాలు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. నాకు కనిపిస్తున్నాయి, నేను నోరు మూసుకున్నాను.

చేతులు ఖాళీ లేని మనిషికి కళ్లే మిగులుతాయి. మేడం రిలే ముందు నిలబడి చదివారు. "బి ఫేజ్. ఎర్త్ ఫాల్ట్."

"ఇంకోపారి చదువు."

"బి ఫేజ్, ఎర్త్ ఫాల్ట్. వేరే దీపం లేదు."

సాబ్ ఒక్క వేలితో బాణం బటన్ నొక్కారు. తెరమీద అంకె మారింది. "నూట నలభై ఆంపియర్లు," అన్నారు మేడం. మళ్లీ నొక్కారు. "మిగతా రెండు ఫేజులు మామూలుగనే ఉన్నయ్." ఆ మాట అంటూ అంటూనే ఆమె గొంతు తగ్గింది. గాలికి తీగలు ఒకదానికొకటి రాసుకుంటే రెండు దీపాలు వెలుగుతాయి, అంకె వేలల్లోకి పోతుంది. మూడు ఫేజుల తీగల్లో ఒక్కదాని దీపం, నేల తగిలిందన్న గుర్తు, ఇంత చిన్న అంకె ఉన్నాయంటే, తెగిన తీగ ఎక్కడో ఎండిన నేలమీద పడి ఉండాలి. ఇది ఆమె చదువుకున్నదే. రెండేళ్ల ఉద్యోగంలో నిలబడి చూసింది మాత్రం అదే మొదటిసారి.

"తీగ కింద పడ్డది సాబ్," అన్నారు నెమ్మదిగా.

ఫోన్ మోగింది. మేడంకు పై అధికారి డీఈ గారు. మేడం చేతులు ఖాళీ లేవు గనక నేనే ఫోన్ తీసుకెళ్లి ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను. ఆయన గొంతు నాకూ వినబడింది, గేటు దగ్గరి వాచ్‌మన్‌కు కూడా వినబడి ఉంటుంది.

"ఏందమ్మా, రెండు నిమిషాలైంది! డ్యూటీల నువ్వే ఉన్నవా, వేరే ఎవరన్నా ఉన్నరా? ముందు ఛార్జ్ చెయ్యి!"

"చెయ్యను సార్. మల్లెగూడెం లైనుల తీగ కింద పడ్డది. లైన్‌మన్ భిక్షంను పంపిస్తున్న. ఆయన చూసి చెప్పేదాక కరెంటు ఇయ్యను."

"పడ్డదని నీకెవరు చెప్పిన్రు?"

"రిలే చెప్పింది సార్."

"సరే, చూపియ్యి," అని ఆయన పెట్టేశారు. మేడం మళ్లీ రిలే వైపు తిరిగితే చాయ్ బొటనవేలి మీద ఒలికింది. ఆమె దాన్ని తుడుచుకోలేదు.

భిక్షం మోటార్ సైకిల్ మీద బయలుదేరి ఫోన్ చేయడానికి ఇరవై ఏడు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై ఏడు నిమిషాల్లో కరెంటు ఏమైందని అడిగిన ఫోన్లకు లెక్కలేదు, ఆ తిట్లన్నీ నేనే తిన్నాను. మేడం ఆ గ్లాసులు అట్లాగే పట్టుకుని ప్యానెల్ ముందు నిలబడ్డారు. అప్పటికి సాబ్ టేబుల్ దగ్గర్నుంచి తప్పుకున్నారు, కింద పెట్టమని ఎవరమూ చెప్పలేదు, ఆమెకూ తోచలేదు. తీగ పడలేదేమో, ఊరికే ఊళ్లకు కరెంటు ఆపానేమో అని ఒకసారి అన్నారు. పడి ఉంటే ఎవరిమీద పడిందోనని ఇంకోసారి అన్నారు. సాబ్ రెండింటికీ ఊకొట్టారు.

చివరికి భిక్షం ఫోన్. నేను స్పీకర్‌లో పెట్టాను.

"మేడం, తీగ తెగి మిర్చి కల్లంల పడ్డది. గాలికి వానొస్తదని ఆడోళ్లు పదకొండుమంది ఉరికొచ్చి మిర్చి మీద పట్టాలు కప్పుతున్నరు."

"ఎవరికన్నా…" అన్నారు మేడం. ఆ మాట పూర్తికాలేదు.

"ఎవ్వరికేం కాలే మేడం! ముత్తమ్మ అనేటామె అయితే, పట్టా కప్పనీకి అడ్డమొస్తున్నదని ఆ తీగను రెండు చేతుల్తోని పట్టి అవతలికి గుంజిందట. అది కరెంటు తీగ అని ఆమెకు ఎర్కనే లేదు, నేను పోయి చెప్పేదాక. ఇప్పుడు కల్లంల కూసోని నన్ను తిడుతున్నది, తీగలు సక్కగ కట్ట చాతకాదారా అని."

మేడం గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నారు. గ్లాసులు మాత్రం వదల్లేదు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చెప్పడం కష్టం, రెండూ అనుకుంటాను. నెలరోజులుగా ఆమె గుండెలమీద కూర్చున్న బండ ఆ నిమిషాన దిగింది. నాకైతే ఒళ్లంతా తేలికైపోయింది, ఎందుకో లేచి కిటికీ తలుపులు తెరిచాను.

"భిక్షం, ఫోన్ ఆమెకు ఇయ్యి," అన్నారు మేడం.

ముత్తమ్మ గొంతు ఖంగున మోగింది. తీగలు కట్టినవాళ్లను, స్తంభాలు పాతినవాళ్లను, ఆఫీసులో ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్లను వరసపెట్టి కడిగింది. మేడం కళ్లు మూసుకుని అంతా విన్నారు. ముత్తమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగితే, "ఇంకేమన్నా ఉన్నదా అమ్మా? ఉంటే అను," అన్నారు. అవతల ముత్తమ్మ తెల్లబోయి, "నీకు దండం పెడత, గీ తీగ సంగతి చూడమ్మా," అని ఫోన్ ఇచ్చేసింది. అంత తృప్తిగా తిట్లు తిన్న అధికారిని నేను మళ్లీ చూడలేదు.

తీగ అతికించేసరికి అయిదున్నర దాటింది. మనుషులంతా పక్కకు వచ్చారు, ఇక కరెంటు ఇవ్వచ్చని భిక్షం చెప్పాడు. మేడం లేచి నిలబడ్డారు. అప్పుడుగాని తన చేతుల్లో ఇంకా గ్లాసులు ఉన్నాయని ఆమె చూసుకోలేదు. మీగడ కట్టి, చల్లారి, తాగడానికి పనికిరాకుండా పోయాయి. అందులో ఒకటి నాదని ఎవరికీ గుర్తులేదు.

"సాబ్, మీరు వచ్చే నెల రిటైర్ అయితరు," అన్నారు ఆమె. "ఆ తర్వాత గంట మోగితే నా చేతుల్ల చాయ్ ఎవరు పెడతరు?"

సాబ్ గ్లాసులు రెండూ తీసి టేబుల్ మీద పెట్టారు. ట్రిప్‌లు రాసే రిజిస్టరు తెచ్చారు. మూరెడు పొడుగు, అట్ట చినిగిన లావుపాటి రిజిస్టరు, ఒక చేత్తో పట్టుకోవాలంటే మోచెయ్యి దాకా ఆనించుకోవాలి. దాన్ని ఆమె ఎడమచేతి మీద పరిచారు. తన జేబులోని పెన్ను తీసి, మూత విప్పి, కుడిచేతి వేళ్ల మధ్య పెట్టారు. అట్లాగే ఆమెను రిలేకు ఎదురుగా నిలబెట్టారు. ఆమె దీపం చూసి రాశారు, అంకె చూసి రాశారు, టైము రాశారు. రాయడం అయ్యాక పెన్ను మూసి, రిజిస్టరు కింద పెట్టి, అప్పుడు రీసెట్ నొక్కారు. దీపం ఆరింది. హ్యాండిల్ తిప్పారు. మల్లెగూడెంకు కరెంటు వచ్చింది, లైను నిలబడింది.

"గీ రిజిస్టరు ఎందుకు పెట్టిన్రు అనుకుంటున్నవ్ బిడ్డా?" అని అడిగారు సాబ్.

"ట్రిప్‌లు రాసుకోవడానికి సాబ్."

ఆయన చల్లారిన గ్లాసులు రెండూ చేతిలోకి తీసుకుని, మాకు మళ్లీ చాయ్ పెట్టడానికి వరండా వైపు నడిచారు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగారు.

"పై ఆఫీసోళ్లు సుత గట్లనే అనుకుంటున్నరు," అన్నారు.