కళ్ళున్న వల, కళ్ళులేని గాలం

ఒకానొక సముద్రపు రాజ్యానికి మకరాంకుడని ఒక మహారాజు ఉండేవాడు. ఆయనకు గాలం వేయడమంటే ప్రాణం. రాజ్యభారం మంత్రుల నెత్తిన పెట్టి, వారానికి నాలుగు రోజులు వెండి పిడి తొడిగిన వెదురు గెడ పట్టుకుని రేవులో కూర్చునేవాడు. పక్కనే పదిమంది సామంతులు, వాళ్ళ చేతుల్లోనూ గాలాలే. చిన్న చేప పడితే ఛీ అని నీళ్ళలోకి విసిరేసేవారు. మనిషి చెయ్యంత చేప పడిందా, ఇక బాకాలు, ఊరేగింపులు. తిండి కోసం కాదు లెండి, గొప్ప కోసం.

మహారాజుకు ఇంకో మురిపెం కూడా ఉండేది. పెళ్ళయిన పన్నెండేళ్ళకు మహారాణి నీళ్ళోసుకుంది. అయిదో నెల రాగానే, పుట్టేది ఆడో మగో తెలియకముందే, కడుపులో బిడ్డకు 'సాగరాధీశ్వర' అన్న బిరుదిచ్చేసి, సభలో తన పక్కనే ఒక బుల్లి సింహాసనం వేయించాడు. సభకు వచ్చినవాడల్లా ముందు ఆ ఖాళీ ఆసనానికి దండం పెట్టాలి. నవ్వొస్తే మీసాల చాటున నవ్వుకోవాలి.

ఇలా ఉండగా ఆ ఏడు రేవులో పెద్ద చేపలు పడటం మానేశాయి. మహారాజుకు తల కొట్టేసినట్టయింది. తప్పు తనదేమోనని ఏ మహారాజు అనుకుంటాడు? వలలవాళ్ళు సముద్రాన్ని ఊడ్చేస్తున్నారని సామంతులు చెవిలో ఊదారు. భటులు వెళ్ళి జాలరుల పాలెం పెద్ద దానయ్య వల దులిపి చూస్తే, నిజమే, వేలెడంత చేపపిల్లలు మూడు వందల పన్నెండు రాలాయి.

ఇంకేం, ఆ పూటే కొత్త శాసనం పుట్టింది. చేపపిల్లను చంపినవాడు పిల్లకొక గుంజీ చొప్పున నిండు సభలో తీయాలి. దానయ్య రేపు పొద్దున్నే రావాలి. రేపు సాయంత్రానికి పాలెంలో వలలన్నీ తగలబెట్టాలి. గాలాలను మాత్రం తగలబెట్టనక్కర్లేదట, అది రాజవినోదం కనుక.

వలలు కాలిపోతే పాలెంలో పొయ్యి వెలగదు. నూరు గడపలవాళ్ళకు ఇంకో పని రాదు. పైగా దానయ్యకు అరవై అయిదేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయి కూర్చుంటే లేవలేడు. ఆయన భార్య పోలమ్మ రోజూ కోట వంటశాలకు చేపల గంప తెచ్చే మనిషి. ఆమె తిన్నగా గవరయ్య ఇంటికి వెళ్ళి అరుగు మీద కూలబడింది. ఈ గవరయ్య మహారాజు తన సభలో నవ్వుల కోసమని పెట్టుకున్న మనిషి. నవ్వించడంతో పాటు ఆలోచించడం కూడా వచ్చని మహారాజుకు ఇంకా తెలియదు.

పోలమ్మ దాపరికం లేకుండా చెప్పింది. తమ వల కన్ను చిన్నదేనంది. వలలో దారానికీ దారానికీ మధ్య ఉండే సందునే వాళ్ళు కన్ను అంటారు. వెనకటికి ఆ కంట్లో రెండు వేళ్ళు దూరేవట. పెద్ద చేపలు దొరక్క, ఆకలికి తాళలేక కళ్ళు బిగించుకున్నారట. తప్పేనని ఒప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

అంతా విని గవరయ్య, మహారాజు మోజుపడే పండుగొప్ప చేప సంగతి అడిగాడు.

"పండుగొప్పలో పెద్దదంటే ఆడదే బాబూ," అంది పోలమ్మ. "ఈ రెండు నెలలూ దాని కడుపు నిండా గుడ్లే. మా అత్తోళ్ళ కాలంలో ఈ నెలల్లో సంద్రంలోకి ఎవురూ దిగీవోరు కాదు."

గవరయ్య మొహం విప్పారింది. మిగిలిన పెద్ద పండుగొప్పలు గుడ్లు పెట్టడానికి ఎక్కడికి చేరతాయో దానయ్యనడిగి తెలుసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే మహారాజు దగ్గరికి వెళ్ళి, రేపటి సభలో వలవాళ్ళ పిల్లచేపల పక్కన ఏలినవారి పెద్ద చేప ఒకటి కనబడితే ఎంత దర్జాగా ఉంటుందోనని ఊరించాడు. ఏరు సముద్రంలో కలిసేచోట నల్లబండ దగ్గర గాలం వేయమని, పడ్డదాన్ని ప్రాణంతో తేవాలని కూడా చెప్పాడు. ప్రాణంతో ఉన్న చేప తోక కొడితేనే కదా సభలో నాలుగు నీటి చుక్కలు సామంతుల మీద పడేది! మహారాజు తెగ ముచ్చటపడ్డాడు.

మర్నాడు పొద్దున బాకాలతో ఊరేగింపు వచ్చింది. నలుగురు మోస్తున్న గంగాళంలో, ఉప్పునీళ్ళలో మహారాజు చెయ్యంత పండుగొప్ప. విందు వంటకు కత్తిపీట కూడా వెనకే వచ్చింది. ఒక మూల మూడు వందల పన్నెండు చేపపిల్లలు, వాటి పక్కన చెవులు పట్టుకుని వణుకుతూ దానయ్య, ఆయన వెనక పోలమ్మ. మహారాజు మీసం దువ్వుకుని మొదలుపెట్టమన్నాడు.

గవరయ్య లేచి, బుల్లి సింహాసనానికి రోజూ కంటే వంగి దండం పెట్టాడు. శాసనంలో ఒక లోటుందని మనవి చేశాడు.

"పిల్ల అంటే ఎప్పటి నుంచి పిల్లో అందులో రాయలేదు ప్రభూ. కడుపులో ఉన్నప్పటి నుంచా, బయటపడ్డాకా?"

"వెర్రివాడా, కడుపులో పడ్డ క్షణం నుంచే," అన్నాడు మహారాజు బుల్లి సింహాసనాన్ని నిమురుతూ. "కాకపోతే మా సాగరాధీశ్వరులు ఎవరనుకున్నావు? రాసుకో. ముద్ర కూడా వేయించు."

రాశారు, ముద్ర వేశారు. లక్క ఆరేదాకా గవరయ్య ఓపిగ్గా నిలబడ్డాడు. అప్పుడు పోలమ్మను పిలిచి గంగాళం చూపించాడు. పోలమ్మ నీళ్ళలోకి రెండు చేతులూ దించి, పురిటి మనిషిని పట్టుకున్నట్టు ఆ చేపను పట్టుకుని, కడుపు మీద మెల్లగా నిమిరింది. గుడ్లు బిలబిలమంటూ వచ్చి నీళ్ళలో తేలాయి.

ఒక సామంతుడు ముందుకు వంగి చూసి, ఇవి ఉత్త గుడ్లు, పిల్లలెలా అవుతాయన్నాడు.

"తమరు ఆ బుల్లి సింహాసనం వైపు చూస్తూ ఆ మాట ఇంకొక్కసారి సెలవియ్యండి," అన్నాడు గవరయ్య.

సామంతుడు కుక్కిన పేనల్లే కూర్చున్నాడు. మహారాజు గంగాళంలోకి తొంగిచూశాడు. దీని కడుపున ఎన్నుంటాయని పోలమ్మను నెమ్మదిగా అడిగాడు.

"ఎవురు నెక్కెట్టారు మారాజా," అందామె. "లచ్చల్లో ఉంటాయి."

"కత్తిపీట సిద్ధంగా ఉంది ప్రభూ," అన్నాడు గవరయ్య. "కోయిస్తే పిల్లకొక గుంజీ. దానయ్య మూడు వందల పన్నెండు తీస్తాడు. తమరు ఇవాళే మొదలుపెడితే, సాగరాధీశ్వరుల పెళ్ళినాటికి ఒక కొలిక్కి రావచ్చు."

మహారాజు మొహం కందగడ్డయింది. గవరయ్య ఎందుకైనా మంచిదని తన చెవులు కూడా ఒకసారి తడుముకున్నాడు, దాచడం దేనికి. మహారాజు తాను వేయించిన ముద్ర వైపు ఒకసారి చూసి, లేచి, రెండు చేతులూ అడ్డంగా వేసి చెవులు పట్టుకున్నాడు. ఇంతకుముందు కోయించిన గుడ్ల చేపల బాకీకని ఒక గుంజీ తీశాడు. రెండోది తీయబోతే బొజ్జ అడ్డొచ్చి, బంగారు మొలనూలు పుటుక్కున తెగింది. అది చూసి ముందుగా పకపకా నవ్వింది మహారాజే. ఆ తర్వాత నవ్వనివాడు లేడు.

నవ్వు ఆగాక, ఇప్పుడేం చేద్దాం చెప్పవోయ్ అని గవరయ్యను అడిగాడు.

"వలకి కళ్ళున్నాయి ప్రభూ. చిన్నవైతే పెద్దవి చేసుకుంటారు. గాలానికి కళ్ళే లేవు. పట్టుకున్నవారి కళ్ళే దానికి కళ్ళు."

ఆ పూటే పాత శాసనం చింపేశారు. వల కంట్లో రెండు వేళ్ళు దూరాలి. గుడ్ల రెండు నెలలూ వల గానీ గాలం గానీ నీళ్ళు తాకకూడదు, ఆ రెండు నెలలూ పాలేనికి బియ్యం కోట గాదెల నుంచే వెళ్ళాలి. ఎప్పుడైనా గుడ్ల చేప చిక్కితే, అది మహారాజు గాలానికి చిక్కినా సరే, తిరిగి వదిలేయాలి. దానయ్య గుంజీలు మాఫీ. గవరయ్య మెళ్ళో మహారాజు స్వయంగా ముత్యాల హారం వేశాడు. గంగాళానికి తానే ఒక పక్క భుజం పట్టి రేవు దాకా మోసి, పండుగొప్పను నీళ్ళలో వదిలాడు.

ఆ సాయంత్రం తగలబడాల్సిన వలలు ఆడవాళ్ళ ఒళ్ళలోకి చేరాయి. పాలెమంతా ఇసుకలో కూర్చుని పాత ముడులు విప్పి, పాటలు పాడుకుంటూ కళ్ళు పెద్దవి చేసుకున్నారు.

మూడేళ్ళు తిరిగేసరికి రేవు నిండా పెద్ద చేపలే. మహారాణికి ఆడపిల్ల పుట్టి, బుల్లి సింహాసనం మీద కూర్చుని కాళ్ళు ఊపడం కూడా నేర్చింది. మహారాజు ఇప్పటికీ గాలం వేస్తాడు. పెద్ద చేప పడితే ముందు దాని కడుపు తడిమి చూస్తాడు. గుడ్లుంటే ఒక చేత్తో గాలం విప్పుతాడు. రెండో చెయ్యి మాత్రం, ఎవరూ చెప్పకుండానే, వెళ్ళి ఆయన చెవిని పట్టుకుంటుంది.