తలపాగా కట్టనన్న రాజమాత

నల్లరేగడి చేల నడుమ ఏటిగడ్డ అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే జగపతి భూపాలుడు చెడ్డవాడేం కాదు. కానీ తన మీసమన్నా, తన తీర్పన్నా ఆయనకు మహా మురిపెం. కోడిపెట్టల తగువు నుంచి దేవుళ్ళ తగువు దాకా తీర్చగల మొనగాడు భూమ్మీద తానొక్కడే అనుకునేవాడు.

ఆయన కొలువులో తుమ్మా ఇన్నారెడ్డి అని ఒక పెద్దాయన. తాతల నాటి నుంచీ కతోలికులు. కోట వాకిట నిలబడి, వచ్చినవాళ్ళ మొర విని, ఎవరు ఎవరి దగ్గరకు పోవాలో చెప్పి పంపడం ఆయన పని. మాటకు మాట అప్పజెప్పనిదే ఆయనకు అన్నం సయించదు. తనను ఒకరన్న మాట మరిచిపోవడం ఆయన వంశంలోనే లేదు.

రాజుగారి పిల్లలకు చదువు చెప్పే కృపావరం పంతులు ప్రొటెస్టెంటు. మిషను బడిలో పెరిగినవాడు. ఆయనకూ ఇన్నారెడ్డికీ మంచి స్నేహం. క్రిస్మస్ వస్తే ఒకరింటి అరిసెలు ఒకరింటికి పోవాల్సిందే. సాయంత్రమైతే కోట అరుగు మీద కూర్చుని వాదులాడుకోవాల్సిందే.

“రెడ్డిగారూ, తిన్నగా ప్రభువునే అడగొచ్చు గదా? మధ్యలో ఆయన తల్లిని అడగడమెందుకండీ?”

“కానా ఊరి పెళ్ళిలో ద్రాక్షరసం అయిపోయిందని కొడుకు చెవిన వేసిందెవరు పంతులూ? నువ్వా, నేనా?”

“ఆమె మాత్రం ఏమంది? ఆయన చెప్పినట్టు చేయండి, అంది.”

“మాకూ అదే చెబుతుంది. వినడానికే పోతున్నాం.”

ఇద్దరూ నవ్వుకుని, చెరో తమలపాకు నమిలి ఇళ్ళకు పోయేవాళ్ళు. ఏనాడూ ఒకరి మీద ఒకరికి కోపం లేదు.

ఒకనాడు ఈ వాదం రాజుగారి చెవిన పడింది. తీర్పు చెప్పకుండా ఆయన ఊరుకుంటాడా? సగం విన్నాడు, మీసం దువ్వాడు.

“ఆహా! గెలుపు పంతులుదే! కొడుకు కొలువులో ఉండగా తల్లిని అడగడం తెలివితక్కువ పని. ఇన్నారెడ్డీ, నెలాఖరున మీ మరియమాత పండగకు కోట వీధిలో పల్లకీ తిప్పుతారే, ఇకమీదట అది రాకూడదు. మీ గుడి గోడల మధ్యే తిప్పుకోండి.”

ఇన్నారెడ్డి ముఖం నల్లబడింది. ఆ పల్లకీ కొమ్ము ఆయన తాత మోశాడు, తండ్రి మోశాడు. ఈ ఏడు ముందు కొమ్ము ఆయన వంతు.

పంతులు గాభరాగా లేచాడు. “మహారాజా, మేం వాదించుకునేది స్నేహానికి. పల్లకీ ఆపమని నేనడగలేదు.”

“గెలిచినవాడివి, గెలిచినట్టు కూర్చో!” అని రాజుగారు లోపలికి పోయాడు.

మర్నాడే ఊరంతా చాటింపు. డప్పు పోలయ్య ఇన్నారెడ్డి ఇంటి ముందు నిలబడి, కావాలని మరో నాలుగు దెబ్బలు ఎక్కువ వేసి మరీ అరిచాడు. “కొడుకు కొలువులో ఉండగా తల్లిని అడగడం తెలివితక్కువ పనని మహారాజావారి తీర్పు! మరియమ్మ పల్లకీ కోట వీధికి రాకూడదహో!”

ఇన్నారెడ్డికి ఒళ్ళు మండిపోయింది. ఇదేం న్యాయం? అరుగు మీద ఇద్దరు స్నేహితులు అనుకునే మాటకు తీర్పేమిటి, తీర్పుకు డప్పేమిటి? నవమాసాలు మోసి కన్న తల్లిని వీధిలోకి రావద్దనడానికి ఈయనెవరు? ఈ రాజును మాత్రం తల్లి కనలేదా?

ఆ మాట దగ్గరే ఆయన ఆలోచన ఆగింది.

రాజుగారి తల్లి సుభద్రాయమ్మగారు కోటలో తూర్పు వసారాలో ఉండేది. రాజుగారంటే భయపడే బీదాసాదా అంతా ఆవిడ దగ్గరకే పోయి మొరపెట్టుకునేవాళ్ళు. ఆవిడ పొద్దున్నే కొడుక్కి తలపాగా కడుతూ, ఆ మొరలన్నీ ఒక్కొక్కటే చెప్పేది. ఆ ఇంట ఆచారమది. తల్లి చేత్తో తలపాగా కట్టనిదే రాజు గద్దె ఎక్కడు. చుట్టు చుట్టుకూ ఒక మొర, ముడి పడేలోగా అన్నిటికీ సరేననేవాడు.

మర్నాడు ఇన్నారెడ్డి కోట వాకిట నిలబడి ఒక్కరినీ తూర్పు వసారాకు పోనివ్వలేదు.

“అమ్మగారి దగ్గరకు పోవాలి సామీ, నా గేదెను బందెలదొడ్డిలో కట్టేశారు,” అంది ఒక ముసలమ్మ.

“చాటింపు వినలేదా అవ్వా? కొడుకుండగా తల్లితో పనిలేదట. తిన్నగా రాజుగారి దగ్గరకే పో. అదిగో, స్నానాల గది అటు.”

సాలెవాళ్ళను అటే పంపాడు. కుమ్మరివాళ్ళను అటే పంపాడు. అత్తాకోడళ్ళ తగువునూ అటే తోలాడు. రాజుగారు తలకు పోసుకుంటుంటే తలుపు అవతల ఒకటే గోల.

ఇక్కడ సుభద్రాయమ్మగారి వసారా బోసిపోయింది. ఆవిడ ఇన్నారెడ్డిని పిలిపించింది.

“ఏం ఇన్నారెడ్డీ, ఇవాళ ఒక్కరూ రాలేదేం? ఊళ్ళో అందరి కష్టాలూ తీరిపోయాయా?”

“తీరలేదమ్మా. తల్లిని అడగడం తెలివితక్కువని మీ అబ్బాయిగారు తీర్పిచ్చారు. డప్పు వేసి చెప్పించారు. నేను కోట ఉప్పు తినేవాణ్ణి, ఆజ్ఞ మీరలేను గదా.”

ఆవిడ చిన్నగా తల పంకించింది.

కాసేపటికి రాజుగారు తడి తలతో పరుగున వచ్చి ఆవిడ ముందు కూర్చున్నాడు. “అమ్మా, తొందరగా కట్టు! కొలువుకు వేళైంది. పొద్దున్నే ఎవరో ముసలమ్మ తన గేదె తగువు తెచ్చి నా స్నానాల గది ముందు పెట్టింది!”

“కొడుకుండగా తల్లెందుకు నాయనా? నీ తలపాగా నువ్వే కట్టుకో,” అని ఆవిడ అటు తిరిగి కూర్చుంది.

రాజుగారికి తలపాగా కట్టుకోవడం ఏనాడన్నా వచ్చునా? ఎలాగో చుట్టుకుని కొలువుకు వచ్చాడు. ఒక కొస చెవి మీద వేలాడుతోంది, ఇంకో కొస మీసంలో చిక్కుకుంది. నవ్వు ఆపుకోలేక మంత్రులు నేల చూశారు.

“ఇన్నారెడ్డీ!” గర్జించాడు రాజు. “వాకిట జనాన్ని ఆపేసి మా అమ్మను అవమానించడానికి నీకెన్ని గుండెలు?”

“నేనా మహారాజా?” ఇన్నారెడ్డి కోపంగా ముందుకు వచ్చాడు. “మీ తీర్పునే తు.చ. తప్పకుండా జరిపాను. మా అమ్మ పల్లకీ ఆపినప్పుడు అది తీర్పు. మీ అమ్మ వసారా బోసిపోతే అది అవమానమా? అమ్మగారికి దండం పెట్టినవాళ్ళు మీ గద్దెను తక్కువ చేశారని ఏనాడన్నా అనుకున్నారా? మేమూ మొక్కేది దేవుడికే. ఆయన తల్లిని గౌరవిస్తాం, మా కోసం ఓ మాట చెప్పమంటాం. అంతే!”

అప్పుడు కృపావరం పంతులు మెల్లగా అన్నాడు. “రెడ్డిగారూ, రాజుగారికి తీరిక లేక తల్లి కావాలి. ప్రభువుకు ఎప్పుడూ తీరికే గదండీ.”

“తీరిక లేదని ఎవరన్నారు పంతులూ? పొద్దున లేస్తే పరలోక జపం తిన్నగా ఆయనకే చెప్పుకుంటాం. మొన్న నీకు విషజ్వరం వస్తే, నా కోసం ప్రార్థన చేయండి రెడ్డిగారూ అని నాకెందుకు కబురంపావు? అప్పుడు ప్రభువుకు నేనేమన్నా అడ్డమయ్యానా?”

“మీరు బతికున్నారు గనక అడిగాను.”

“ప్రభువు దగ్గరున్నవాళ్ళు చచ్చినవాళ్ళని నీ వాక్యంలో ఎక్కడుందో రేపు తెచ్చి చూపించు!”

పంతులు నవ్వేశాడు. “తెస్తానండీ, తెస్తాను. ఊరుకుంటానా?”

ఆ నవ్వుకు రాజుగారికీ నవ్వు వచ్చింది. తల ఊగేసరికి తలపాగా జారి ఒళ్ళో పడింది. దాన్ని చూసుకుని కడుపు పట్టుకుని నవ్వాడు.

“ఓడాను ఇన్నారెడ్డీ! ఇకమీదట మీ ఇద్దరి వాదానికి తీర్పు చెప్పను. పల్లకీ రానీ. ఇదిగో, నా చేతి కంకణం తీసుకో.”

“కంకణం వద్దు దొరా. ఆ డప్పు ఏయే వీధుల్లో మోగిందో ఆ వీధులన్నిట్లో మళ్ళీ మోగాలి. పల్లకీ వస్తుందని అంతే గట్టిగా అరవాలి. మా ఇంటి ముందు మరో నాలుగు దెబ్బలు ఎక్కువ పడాలి.”

రాజుగారు చాటింపూ వేయించాడు, కంకణమూ బలవంతంగా తొడిగాడు. డప్పు వెనకాలే ఇన్నారెడ్డి ఊరంతా నడిచాడు. పోలయ్య ఒక సందు ఎగ్గొట్టబోతే చెయ్యి పట్టి వెనక్కి తీసుకొచ్చి వేయించాడు.

పండగనాడు రాజుగారు తల్లి చేత తలపాగా కట్టించుకుని కోట గుమ్మంలో నిలబడ్డాడు. ముందు కొమ్ము భుజాన పెట్టుకుని ఇన్నారెడ్డి వస్తున్నాడు. దారి మీదికి వంగిన వేపకొమ్మ మరియమాత కిరీటానికి తగలకుండా కృపావరం పంతులు చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు.

“ఏం పంతులూ, దండం పెట్టవేం?”

“పెట్టనండీ. కొమ్మ తగులుతుందని పట్టుకున్నా.”

“సరే, గట్టిగా పట్టుకో. మిగతాది సాయంత్రం అరుగు మీద తేల్చుకుందాం!” అని ఇన్నారెడ్డి పల్లకీతో ముందుకు సాగాడు.