యువరాజును పడేసిన గడప

మల్లెకొండ అని ఒక రాజ్యం ఉండేది లెండి. దాన్ని ఏలేది రణధీరవర్మ మహారాజు. ఆయన చెడ్డవాడేం కాదు, కానీ తన న్యాయం గురించి తనే చెప్పుకుని మురిసిపోయే రకం. "మా ఏలుబడిలో నేరం చేసినవాడు తప్పించుకోడు, ఒక నేరానికి రెండు శిక్షలూ పడవు" అని రోజూ తెల్లారగానే వందిమాగధుల చేత చదివించుకునేవాడు. అది సాంతం విన్నాకే పళ్ళు తోముకునేవాడు.

అంతటి మహారాజుకు ఇంట్లోనే ఒకడు తయారయ్యాడు. రెండేళ్ళ యువరాజు. పేరు ఉదయార్కవర్మ అని ఘనంగా పెట్టారు గానీ, అంత పేరూ పిలిచేలోపు వాడు ఈ గదిలోంచి ఆ గదిలోకి పారిపోయేవాడు. అందుకని అందరూ చిన్నిదొర అనేవాళ్ళు.

ఆ చిన్నిదొర ఆగడాలు ఏమని చెప్పేది. పాలు తాగుతావా అంటే వద్దు. పోనీ తీసేయనా అంటే వద్దు. నిజంగా గిన్నె తీసేస్తే కోట కప్పు ఎగిరిపోయేలా ఏడుపు. సేనాపతి చెప్పుల్లో కాళ్ళు దూర్చి టపటపలాడుతూ కొలువుకూటమంతా తిరిగేవాడు. తెర వెనక దాక్కునేవాడు, పాదాలు రెండూ బయటే ఉండేవి, ఎవరైనా వెతుకుతుంటే "లేను" అని లోపలినుంచి తనే చెప్పేవాడు.

వాడి వెంట పరిగెత్తగలిగింది దాది మాచమ్మ ఒక్కతే. పుట్టిన దగ్గర్నుంచీ ఆమె చేతుల్లోనే పెరిగాడు.

ఒకరోజు పొద్దున మాచమ్మ పప్పన్నం కలిపి ముద్ద పెట్టబోతే చిన్నిదొర తప్పించుకుని ఒకటే పరుగు. అంతఃపురం గడప కాలికి తగిలి బోర్లాపడ్డాడు. మోకాలు కాస్త ఎర్రబడింది, అంతే. కానీ రాగం మాత్రం అందుకున్నాడు.

మాచమ్మ ఏ ఇంట్లో ఏ తల్లైనా చేసే పనే చేసింది. పిల్లవాణ్ణి చంకనేసుకుని, గడపను అరచేత్తో చెళ్ళున చరిచి, "కొట్టేశాను నాన్నా. మా దొరనే పడేస్తావటే, ఇంకోసారి పడేస్తావా?" అని గడపను నిలదీసింది. చిన్నిదొర కూడా చంకలోంచి వంగి ఒక దెబ్బ వేశాడు. ఏడుపు టక్కున ఆగింది. తెరిచిన నోట్లోకి ముద్ద వెళ్ళిపోయింది.

అక్కడితో అయిపోవాల్సిన సంగతే. ఖర్మకాలి ఆస్థాన పండితుడు పేరిశాస్త్రి అటుగా వస్తూ చూశాడు. చూసినవాడు ఊరుకుంటే పేరిశాస్త్రి ఎందుకవుతాడు. నేరుగా రాజు చెవిన వేశాడు.

"ప్రభూ, యువరాజావారు పడ్డారు. కాచుకోవలసిన దాది తన తప్పును గడప మీదికి నెట్టేసింది. పైగా పసుపు రాసి బొట్టు పెట్టే గడపను చేత్తో కొట్టింది."

రాజుగారి మీసం లేచింది. నిండు కొలువులో మాచమ్మను నిలబెట్టి, పొద్దుగూకేలోగా కోట దాటి పొమ్మన్నాడు.

ఆ కొలువులో సింగన్న అని ఒక మాటకారి ఉండేవాడు. ఇంటినిండా మనవలూ మనవరాళ్ళూ ఉన్న మనిషి. ఆయన చూపు మాచమ్మ మీదే ఉంది. తన సంగతి ఏమీ అడగడం లేదు ఆమె. పక్కనున్న పరిచారికకు గొంతు తగ్గించి అప్పగింతలు చెబుతోంది. "జోలపాటకు పడుకోడే. నీ చెవితమ్మె పట్టుకోనియ్యి. నొక్కుతాడు, నొప్పని అనకు."

ఆ మాట వినేసరికి సింగన్నకు తన చిన్న మనవడు గుర్తొచ్చాడు. వాడు నిద్రపోవాలంటే తాత ముక్కు పట్టుకుంటాడు మరి. సింగన్న లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఈ నేరానికి శిక్ష ఇదివరకే పడిపోయింది కదా. గడప దెబ్బలు తింది. ఫిర్యాదీ తృప్తిపడి అన్నం కూడా తిన్నాడు. ఒక నేరానికి రెండు శిక్షలు ఎలా వేస్తారు?"

సభలో ముసిముసి నవ్వులు. పేరిశాస్త్రి కండువా సర్దుకున్నాడు.

"ప్రాణంలేని కొయ్యకు నేరమేమిటయ్యా సింగన్నా? బిడ్డ ఎవరి చేతిలో ఉండగా దెబ్బ తగిలిందో వాళ్ళదే నేరం."

"బాగా చెప్పారు శాస్త్రిగారూ," అన్నాడు రాజు. "అదే మా తీర్పు."

"చిత్తం. ఆ తీర్పు మాచమ్మకేనా, అందరికీనా ప్రభూ?"

"అందరికీ. మా న్యాయానికి పెద్దాచిన్నా లేదని ఎన్నిసార్లు చదివించాలి నీకు?"

"చాలు ప్రభూ. అయితే ఫిర్యాదీని పిలిపించకుండా మీరు తీర్పు ఇచ్చారన్న మాట రాకూడదు. యువరాజావారిని ఒక్కసారి తెప్పించండి. మాచమ్మ ముద్దాయి కాబట్టి ఆమె ఎత్తుకోకూడదు. తమరే కూర్చోబెట్టుకోవాలి."

రాజు పకపకా నవ్వాడు. "రాజ్యం మోసేవాడికి ఒక పిల్లవాడు బరువా? తీసుకురండి."

చిన్నిదొర వచ్చాడు, చేతిలో సగం కొరికిన అరటిపండుతో. తండ్రి ఒళ్ళో కూర్చున్నాడు. కూర్చోవడమంటే మనం కూర్చున్నట్టు కాదు. ముందు కిరీటం లాగి, లోపల ఏముందో చూసి, ఏమీ లేదని తేల్చుకుని కిందికి వదిలేశాడు. తర్వాత మీసం పట్టుకున్నాడు.

"నాయనా, నిన్ను పడేసింది ఎవరో చెప్పు," అన్నాడు రాజు, మీసం విడిపించుకుంటూ.

"వద్దు."

"అదికాదురా, మాచమ్మ పడేసిందా?"

"అమ్మచ్చ," అని మాచమ్మ వైపు అరటిపండు చూపించి నవ్వాడు. సాక్ష్యం అంతవరకే.

అప్పుడు వాడి కన్ను సింహాసనం చేతి మీద చెక్కిన బంగారు సింహం మీద పడింది. నోరు బార్లా తెరిచి ఉంది. ఇంకేం. "తిను" అని పండంతా దాని నోట్లో కుక్కాడు. సింహం నమల్లేదు. తల్లులు బతిమాలినట్టే బతిమాలుతూ, "ఆ అను, ఆ" అని ఇంకా ముందుకు వంగాడు. రాజుగారు ఒక చేత్తో కిరీటం వెతుక్కుంటున్నారు. పిల్లవాడు జారాడు, గడ్డం పోయి సింహం ముక్కుకు తగిలింది.

ఒక్క క్షణం నిశ్శబ్దం. పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు తెలుసు ఆ క్షణం సంగతి. తర్వాత కొలువుకూటం మారుమోగిపోయింది.

మహారాజుకు కిరీటమూ గుర్తులేదు, కొలువూ గుర్తులేదు. బిడ్డను గుండెకు అదుముకుని, సింహాన్ని ఎడాపెడా వాయించేశాడు. "కొట్టేశాన్రా కన్నా, కొట్టేశా. మా బాబునే కొడుతుందా, చెడ్డ సింహం. ఇదిగో, ఇంకోటి తగిలించా, చూడు."

ఏడుపు ఆగింది.

సింగన్న వినయంగా వంగాడు. "ప్రభూ, తమరు కోట దాటడానికి పల్లకీ సిద్ధం చేయించమంటారా, గుర్రమా?"

రాజు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"బిడ్డ తమ చేతిలో ఉండగానే దెబ్బ తగిలింది కదా. లేదూ, నేరం సింహానిదే, దానికి శిక్ష పడిపోయింది అంటారా, అదీ న్యాయమే." సింగన్న పక్కకు తిరిగాడు. "శాస్త్రిగారూ, ఇంతకీ ఈ సింహానికి ప్రాణం ఉందంటారా, లేదంటారా?"

పేరిశాస్త్రి రాజు ముఖం చూశాడు, సింహం ముఖం చూశాడు. "ఏలినవారు కొట్టారంటే... ఉండే ఉంటుంది."

ఈలోగా చిన్నిదొర తండ్రి భుజం మీంచి సింహం వైపు తిరిగాడు. దెబ్బలు తిన్న దాన్ని కాసేపు చూసి, అరటిపండు అంటిన చేత్తో దాని జూలు నిమిరాడు. "పాపం. నాన్న కొట్టాడు," అని సభ అందరికీ చెప్పాడు.

ఇక రాజు ఆపుకోలేకపోయాడు. కడుపు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. సభ అంతా నవ్వింది. పేరిశాస్త్రి కూడా కాస్త ఆలస్యంగా కలిశాడు.

"ఓడాను సింగన్నా," అన్నాడు రాజు, భుజం మీది జరీ శాలువా తీసి ఆయనకు కప్పుతూ. "మాచమ్మా, నువ్వు ఎక్కడికీ పోవద్దు. వీణ్ణి ఇంత సేపు పట్టుకోవడమే నావల్ల కాలేదు, రోజంతా ఎలా పడుతున్నావో. సింగన్నా, ఇంకేమైనా కోరుకో."

"పొద్దుట్నుంచీ ఆమె ఒక మెతుకు ముట్టలేదు ప్రభూ. ముందు అన్నం పెట్టించండి."

అప్పటికప్పుడు పీట వేసి, విస్తరి పరిచి మాచమ్మకు వడ్డించారు. పక్కనే యువరాజుకూ వెండి పళ్ళెంలో పెట్టారు. ఆ పళ్ళెం వద్దన్నాడు. అందులోని పాయసమూ వద్దన్నాడు. మాచమ్మ ఒళ్ళోకి ఎక్కి, ఆమె విస్తట్లోని పప్పన్నం ముద్ద మీద ముద్ద తినేసి, ఆమె చెవితమ్మె పట్టుకుని అక్కడే నిద్రపోయాడు. మాచమ్మకు మళ్ళీ వడ్డించారు.