నక్క వదలని కక్ష్య

పులికాట్ ఉప్పునీళ్ల ఒడ్డున జంతువులు తలా ఒక ఉపగ్రహం ఎగరేసుకున్న రోజులవి. గూడబాతు పెంచలమ్మది తుఫాన్లు కనిపెట్టేది. అది ముందుగా కబురు చెబితేనే ఆమె పిల్లల్ని లోతట్టు గూళ్లకి మార్చుకోగలదు. అదే కక్ష్యలో నక్క చెంగయ్య ఉపగ్రహం ఎప్పుడో చచ్చి, ఊరికే తిరుగుతోంది.

"చెంగయ్యా, నీ చచ్చిన డబ్బా నాదానికి అడ్డమొస్తోంది. దించుకో," అని పెంచలమ్మ అడగని రోజు లేదు.

"చచ్చిందని ఎవరన్నారక్కా? కునుకు తీస్తోంది."

"పోనీ, వల పంపి నేనే దించేస్తా."

"ముట్టుకుంటే పంచాయితీ పెడతా. నాది నాదే."

పెద్దమనిషి తాబేలు మునెయ్యని అడిగితే, "చట్టం అంతేనమ్మా. ఎగరేసినవాడి వస్తువు చచ్చినా వాడిదే. వాడి సెలవు లేకుండా ఎవరూ చెయ్యి వెయ్యకూడదు," అని మెడ లోపలికి లాక్కున్నాడు.

పెంచలమ్మకి ఒళ్లు మండింది. నక్క ఎత్తు ఆమెకి తెలియనిదా? బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు పడేసినట్టు, కొత్తది ఎక్కించేదాకా ఆ చోటు ఆపుకోవాలని.

ఒకనాడు ఆ డబ్బా రేకు ఊడొచ్చి పెంచలమ్మ ఉపగ్రహం రెక్క విరగ్గొట్టింది. ఇంకొక్క దెబ్బ తగిలితే తుఫాను కబురు లేనట్టే. పంచాయితీ కూర్చుంది.

"విరిగింది నువ్వే బాగు చేయించాలి చెంగయ్యా. చట్టంలో అదీ ఉంది," అన్నాడు మునెయ్య.

"రేకు మీద నా పేరుందా?"

"ఊడింది నీ డబ్బా నుంచే కదయ్యా," అంది పెంచలమ్మ.

"ఏ డబ్బా? నాది ఎప్పుడో కాలి బూడిదైంది. అక్కడ తిరిగేది ఎవరిదో నాకేం తెలుసు?"

పెంచలమ్మ అరవబోయి ఆగింది. ఇన్నాళ్లూ అరిచి గొంతు పోవడం తప్ప ఒరిగిందేమీ లేదు. మెల్లగా అడిగింది. "అయితే అది నీది కాదు?"

"కాదు. నీ పిల్లల మీద ఒట్టు."

"మునెయ్య తాతా, విన్నావుగా. ఎవరిదీ కాని చెత్త తీయడానికి ఎవరి సెలవు కావాలి?"

మునెయ్య ఈసారి మెడ బయటే ఉంచాడు. "ఎవరిదీ అక్కర్లేదమ్మా."

పెంచలమ్మ వల పైకి వెళ్లింది. డబ్బా కిందికి జారి గాలిలోనే కాలిపోయింది. ఖాళీ అయిన చోటుని మునెయ్య ఆమె ఎగరెయ్యబోయే రెండో ఉపగ్రహానికి రాసిచ్చాడు.

చెంగయ్య కొత్తది మోసుకుని రొప్పుతూ వచ్చాడు. "తాతా, ఆ చోటు నాది గదా."

"అక్కడ నీదేమీ లేదని ఒట్టేశావు గదరా," అన్నాడు మునెయ్య. "అదీ పక్కోళ్ల పిల్లల మీద."

నాది అని హక్కు అడిగేవాడు, దానివల్ల జరిగిన నష్టం కూడా నాదే అనాలి.