మహర్నవమి నాటి మరమ్మతు

"మాస్టారూ, మొత్తం వెతికేశాను. ఎక్కడా కన్నం లేదు. కన్నం లేని గోడని ఇంకా తడమడం దేనికి?"

హైమ ఈ ప్రశ్న అడిగిన ఉదయం నేనూ అక్కడే ఉన్నాను. సోమేశ్వరాచారి మాస్టారు తాళాలు చేసే ఇంట పుట్టి, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కంప్యూటర్లలోకి దొంగలు ఎలా దూరతారో, వాళ్లనెలా ఆపాలో మేడమీద గదిలో మాలాంటి కొద్దిమందికి నేర్పుతారు. ఆయనతో ఒక చిక్కుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. ప్రశ్న నచ్చకపోతే కిటికీలోంచి బయటికి చూస్తారు. నచ్చితే కండువా భుజాన వేసుకుని బయల్దేరతారు, అడిగినవాళ్లు వెనకాల పడాలి. ఎండైనా వానైనా అంతే. ఆయన దగ్గర చదువుకునేవాళ్లకి బుర్రకన్నా కాళ్లు ముందు అరుగుతాయని నేను నలుగురిలోనూ అంటుంటాను. ఆ రోజు హైమ మాట పూర్తవకుండానే కండువా భుజం మీదికి చేరింది.

ఆమె చెప్పిన గోడ మా పట్నంలో ఒక కేన్సర్ ఆసుపత్రిది. పేరు చెప్పను. రేడియేషన్ ఏ రోగికి, ఎక్కడ, ఎంత మోతాదులో ఇవ్వాలో డాక్టర్లు తయారుచేసిన పథకాలన్నీ అక్కడ ఒక సర్వర్‌లో ఉంటాయి. ఆ సర్వర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపం ఉందని వేసవిలో బయటపడింది. తయారుచేసిన కంపెనీ దాన్ని పూడ్చే ప్యాచ్ విడుదల చేసింది గానీ, వేసుకున్న ఆసుపత్రుల కన్నా వేసుకోనివే ఎక్కువ. ఆ కన్నంలోంచి దూరి, ఫైళ్లన్నిటికీ తాళాలు బిగించి, సొమ్ము పంపితే గానీ విప్పేది లేదని బెదిరించే ముఠాల వార్తలు అప్పట్లో తరచుగా పేపర్లలో చదివేవాళ్లం. ఆసుపత్రివాళ్లు ఆలస్యంగా భయపడ్డారు. హైమని పిలిచి, తనిఖీ చేసి, అంతా భద్రంగా ఉందని సంతకం పెట్టమన్నారు.

అక్కడ ఫ్యాను రెక్క విరిగితే మళ్లీ ఎండాకాలం దాకా పట్టించుకునే దిక్కుండదు. అలాంటి చోట కన్నం బార్లా తెరిచే ఉంటుందనుకుని వెళ్లింది హైమ. తీరా చూస్తే శుభ్రంగా పూడ్చి ఉంది. ప్యాచ్ ఎక్కింది. ఆ పక్కనున్న చిన్నాచితకా లోపాలు కూడా ఎవరో ఓపిగ్గా సరిదిద్దారు. పిల్ల పొంగిపోయింది. ఆ పొంగుకి వేరే కారణం కూడా ఉంది. ఆమె చిన్నాన్న కామేశంగారికి గొంతు కేన్సర్. ఆ ఆసుపత్రిలోనే రేడియేషన్ నడుస్తోంది. తండ్రి పోయాక హైమని పెంచి చదివించింది ఆయనే. బస్టాండులో మైకు పట్టుకుని ఏ బస్సు ఎక్కడికో పిలిచే ఉద్యోగం ఆయనది. ఆ గొంతు వినని మనిషి మా పట్నంలో లేడు. ఇప్పుడది గుసగుసకి దిగిపోయింది. ఈ జబ్బుకి వైద్యం మధ్యలో నాగా పడితే ప్రమాదమని డాక్టర్లు మొదటిరోజే హెచ్చరించారు.

మేం వెళ్లేసరికి సర్వర్ గది గుమ్మానికి మామిడాకులు ఎండి వేలాడుతున్నాయి. బీరువాలా నిలబెట్టిన ఆ యంత్రానికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. కీబోర్డు సందుల్లో ఎండిన బంతిరేకలున్నాయి. దీపావళి దగ్గర పడుతున్నా దసరా పూజ ఆనవాళ్లు ఎవరూ తుడవలేదు. కంప్యూటర్ల బాధ్యత చూసే నూకరాజు మాకు కుర్చీలు వేశాడు. సూపరింటెండెంట్ డాక్టర్ విశాలాక్షిగారు సంతకం పెట్టాల్సిన కాగితం చేత్తో పట్టుకునే వచ్చారు.

మాస్టారు తెర వైపు చూడనైనా లేదు. "చాలా చక్కగా ఉందటండీ. ఎవరు చేశారు?" అన్నారు.

"కంపినీవోలు సేసుంటారండి," అన్నాడు నూకరాజు. "ఆల్లు దూరాన్నుంచే సేసీగలరు కదా."

హైమ కంపెనీకి ఫోన్ చేసి అందరికీ వినబడేలా పెట్టింది. అవతల మాట్లాడిన కుర్రాడు మర్యాదస్తుడు. "మేం వెయ్యలేదండీ. మీ ఆసుపత్రి వంతు ఇంకా రానేలేదు. మొన్న చూస్తే వేసి ఉంది. మీవాళ్లే వేసుకున్నారని మేమంతా సంతోషించాం," అన్నాడు.

డాక్టరుగారికి విసుగొచ్చింది. "మీరు కాకపోతే వాళ్లు, వాళ్లు కాకపోతే మీరు. మంచిపనే కదండీ జరిగింది? ఎవరు చేస్తేనేం?" అన్నారు. నేనూ మనసులో ఆవిడకే ఓటు వేశాను. బయట వరండాలో పేషెంట్లు వరసలో కూర్చుని ఉన్నారు. పూడిన కన్నానికి పూడ్చినవాడి చిరునామా కూడా కావాలనడం నాకు చాదస్తంగానే తోచింది.

"ఏ రోజు వేశారో కనబడుతుందామ్మా?" అని అడిగారు మాస్టారు.

హైమ తెర మీద వెతికి చెప్పింది. "కనబడుతోంది మాస్టారూ. మహర్నవమి. పొద్దున్న పదకొండింటికి."

నూకరాజు పకపకా నవ్వాడు. "అది తప్పుడు తేదీ అయ్యుంటాది సార్. ఆ దినం ఎవులు ముట్టుకుంటారు? ఆసుపత్రికి సెలవు. మిషన్లన్నీ పూజలో ఎట్టీసినాం. పంతులుగారు వొచ్చినారు, మేడంగారు హారతిచ్చినారు, సరిగ్గా ఆ టయానికే గుమ్మిడికాయ నానే కొట్టినాను. పూజలో ఎట్టిన ఆయుదాన్ని మర్నాటి వొరకూ ముట్టుకునీవోడు..." అంటూ మధ్యలో ఆగిపోయాడు. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది గానీ మనిషి అందులో లేడు.

మా వైపు మహర్నవమి నాడు పనిముట్టే దేవత. దర్జీ కత్తెర ముట్టడు, వడ్రంగి ఉలి ముట్టడు, మాస్టారింట్లో ఆకురాయి ముట్టరు. కంప్యూటర్లు వచ్చాక వాటికీ అదే మర్యాద దక్కింది. ఆ రోజు తెరలు ఆర్పి పూలు పెట్టారు గానీ సర్వర్‌ని మాత్రం ఎప్పుడూ ఆర్పరు. గదిలో అగరొత్తులు వెలుగుతున్నాయి, మంత్రాలు చదువుతున్నారు, వాకిట్లో గుమ్మడికాయ పగులుతోంది, సరిగ్గా ఆ సమయంలో ఆ బొట్టు పెట్టిన యంత్రం లోపల ఎవడో తీరుబడిగా పని చేసుకుంటున్నాడు. డాక్టరుగారు చేతిలో కాగితం మడిచి బల్ల మీద పెట్టేశారు.

"దొంగే వచ్చాడనుకుందాం మాస్టారూ," అంది హైమ. "కన్నంలోంచి వచ్చిన దొంగ కన్నం ఎందుకు పూడుస్తాడు?"

"రాత్రి పడుకోబోయే ముందు మీ ఇంటి తలుపు నువ్వెందుకు వేసుకుంటావమ్మా?" అన్నారాయన.

హైమకి అప్పుడు అర్థమైంది. తను దూరిన దారిన ఇంకో ముఠా దూరి వాటాకి రాకుండా, దొంగ లోపల్నించి గడియ వేసుకున్నాడు. అంటే ఆ ఇల్లు ఇప్పుడు వాడిది. ఆమె మళ్లీ కీబోర్డు ముందు కూర్చుంది. ఈసారి కన్నాల కోసం కాదు, కాపురమున్నవాడి కోసం వెతికింది. ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిన ఒక గుమాస్తా పేరు మీద, అన్ని అధికారాలతో ఒక ఖాతా బయటపడింది. అదీ మహర్నవమి నాడు తెరిచిందే. తర్వాత, ఆపద వస్తే ఆదుకోవాల్సిన బ్యాకప్‌లు తెరిచింది. రోజువారీగా పేర్లున్నాయి, తేదీలున్నాయి. విప్పి చూస్తే కరి మింగిన వెలగపండు. ఒక్కదాన్లోనూ ఏమీ లేదు. ఇంతమంది రోగుల వైద్యానికి ఆ సర్వర్‌లో ఉన్నది తప్ప లోకంలో ఇంకో నకలు లేదన్నమాట.

డాక్టరుగారి భయం కోపంగా మారి నూకరాజు మీద విరుచుకుపడింది. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా? ఈ గది తాళాలు నీ దగ్గరే కదయ్యా ఉండేది!"

నూకరాజు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మాస్టారు అతని వీపు మీద చెయ్యి వేశారు. "గుమ్మడికాయ కొట్టేవాడికి రెండు చేతులూ కావాలి కదండీ. అప్పుడు పక్కనే నిలబడి చూసింది మీరేనాయె," అన్నారు. ఆవిడ తల దించుకున్నారు.

చెయ్యాల్సింది ఒకటే. బయటి లోకంతో ఆ సర్వర్‌ని కలిపే తీగ పీకెయ్యాలి, ఆపైన ఒక్కో యంత్రాన్నీ విడదీసి పరీక్షించాలి. ఆ మాట హైమ అనగానే డాక్టరుగారు అడ్డం పడ్డారు. "అన్నీ విడదీస్తే రేడియేషన్ మిషన్లకి పథకాలు అందవమ్మా. ఇవాళ వైద్యం ఆగిపోతుంది, రేపూ ఆగుతుంది, ఎన్నాళ్లో నువ్వూ చెప్పలేవు. మీ చిన్నాన్న కూడా ఆ వరసలోనే కూర్చుని ఉన్నారు, తెలుసా? ఇన్నాళ్లూ ఊరుకున్న దొంగ ఇంకో వారం ఊరుకోడా? దీపావళి సెలవు రానీ, అప్పుడు తీరిగ్గా చూసుకుందాం." ఆవిడ మాటలో స్వార్థం లేదు. వరండాలో ఉన్న ప్రతి మొహమూ ఆవిడకి పేరు పేరునా తెలుసు.

హైమ మాస్టారి వైపు చూసింది. ఆయన అప్పటికే కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆ క్షణాన నాకు ఆయన మీద ఒళ్లు మండింది. ఇంత బరువు ఆ పిల్ల నెత్తిన పెట్టి ఊరుకోవడం ఏం గురుత్వమని నోటిదాకా వచ్చింది.

ఆమె లేచి వరండాలోకి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. కామేశంగారు మెడకి తువ్వాలు చుట్టుకుని గోడవారన కూర్చుని ఉన్నారు. హైమ ఆయన కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నదంతా చెప్పింది. యంత్రాలు విడదీస్తే ఆయన వైద్యానికే నాగా పడుతుందని కూడా దాచకుండా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆయన ఆమె తలని దగ్గరికి లాక్కుని చెవిలో మాట్లాడారు. ఒక్కో మాటా గొంతులో గీరుకుంటూ వచ్చింది.

"బ్రేకు మీద అనుమానమొచ్చిన బండిని నేనెప్పుడైనా మైకులో పిలిచేనా అమ్మా? ఆపితే జనం తిడతారు. తిట్టనీ."

హైమ కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చి, ఎవరినీ అడక్కుండా తీగ పీకేసి, యంత్రాలన్నిటినీ విడదీసింది. మిషన్లు ఆగాయని తెలియగానే వరండా అంతా గోల. సాలూరు నుంచి తొలి బస్సుకి మొగుణ్ణి తీసుకొచ్చిన ఒకావిడ హైమ మొహం మీదే దుమ్మెత్తిపోసింది. "మా మావకి ఏటైనా అయితే నీ ఉసురు తగలదా?" అని అరిచింది. హైమ అన్నీ పడింది. కామేశంగారు తువ్వాలు సర్దుకుని, అందరికన్నా ముందు లేచి ఇంటికి వెళ్లిపోయారు.

మర్నాడు పోలీసులూ నిపుణులూ వచ్చి ఒక్కో యంత్రాన్నీ విప్పి చూశారు. ఫైళ్లకి తాళాలు బిగించే ప్రోగ్రాం ప్రతి దాన్లోనూ నక్కి ఉంది. అది లేచి పని మొదలెట్టవలసిన ముహూర్తం కూడా దాన్లోనే రాసి ఉంది. దీపావళి నాటి ఉదయం. ఆసుపత్రికి సెలవు, యంత్రాల దగ్గర మనిషుండడు. డాక్టరుగారు ఏ సెలవు రోజుకి వాయిదా వేద్దామన్నారో, దొంగ కూడా ఆ రోజే పెట్టుకున్నాడు! వాడెవడో, ఏ దేశంలో కూర్చుని ఉన్నాడో ఈనాటికీ తెలియదు. మన పంచాంగం మాత్రం వాడికి కంఠతా వచ్చు. హైమ ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే పండగ మర్నాడు ఆ వరండాలో ఏం జరిగేదో తలచుకుంటే నాకిప్పటికీ గుండె దడే.

పథకాలకి ఇంకా తాళం పడలేదు గనక వాటిని పదిలంగా బయటికి తీశారు. మధ్యలో ఎవడైనా మోతాదులు మార్చాడేమోనని డాక్టర్లు కూర్చుని ఒక్కొక్కటీ సరిచూశారు. అంతా అయి మిషన్లు మళ్లీ తిరిగేసరికి పండగ వెళ్లిపోయింది. పడిన నాగాకి తగ్గట్టు మిగిలిన వైద్యాన్ని సర్ది, కామేశంగారికి కార్తీకంలో పూర్తి చేశారు. జబ్బు పోయిందో లేదో కొన్ని నెలలు గడిస్తే గానీ చెప్పలేమన్నారు. ఆ నాగా వల్ల ఏమైనా అవుతుందేమోనని హైమ ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడుతుందట.

ఆ తర్వాత ఒక సాయంత్రం మేడమీద గదిలో ఆమె ఉండబట్టలేక మాస్టారిని అడిగింది. "అన్నాళ్లు వెతికినా నాకు కనబడలేదు. మీరు తెర వైపైనా చూడలేదు. లోపల దొంగ ఉన్నాడని మీకెలా తెలిసింది మాస్టారూ?"

మాస్టారు నిజంగానే ఆశ్చర్యపోయినట్టు ఆమె వైపు చూశారు.

"నాకేం తెలుసమ్మా! ఎవరూ అడక్కుండా అంత మంచిపని చేసిపెట్టిన ఆ మహానుభావుడెవరో చూసి, ఓ దణ్ణం పెట్టుకు పోదామని వచ్చాను."