చీమలన్న మాట

వీరకేసరి రాజు చిక్కి సగమయ్యాడు. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరడం లేదు. అయినా "నాకు జబ్బుందన్నవాళ్ల నాలుక కోయిస్తా" అని చాటించడంతో వైద్యుడు కూడా నోరు మెదపలేదు.

బట్టలుతికే సింగమ్మ సభకొచ్చి మొరపెట్టుకుంది. "ప్రభూ, విడిచిన బట్టలన్నిట్లో మీ పంచెకే చీమలు పడుతున్నాయి. మీ మూత్రం తీపంటున్నాయి."

"అంటే నాకు మధుమేహమనా? నీ నాలుక..."

"ముందు అన్నవి చీమలు ప్రభూ! వాటి నాలుకలు కోయించాకే నా వంతు."

రాజు పకపకా నవ్వేసి, వైద్యుణ్ణి మందిమ్మన్నాడు.

ఒళ్లు కుదుటపడ్డాక, ఏం కావాలో కోరుకోమని సింగమ్మను అడిగాడు.

"మీరు మానేసిన మిఠాయిలు ఆ చీమలకు పెట్టండి ప్రభూ."

అప్పట్నుంచీ రాజు రోజూ తన వంతు లడ్డూ చిదిపి చీమలకు వేస్తూ, "మీ నాలుకలు పదికాలాలు చల్లగా ఉండాలి" అని దణ్ణం పెట్టేవాడు.